ఇఓయె అంటే అవును కాదు

తాయిమానే నోట్లో నాలుక లేని పిల్ల. ఈ మాట వింటే సిడ్నీ శివార్లలో మౌంట్ డ్రూయిట్‌లోని సమోవా దీవులవాళ్ల చర్చికి వచ్చేవాళ్లలో సగం మంది నవ్వుతారు. ఎందుకంటే ఆదివారం ఆ పిల్ల గొంతెత్తిందంటే బయట కారు తాళం వేసుకుంటున్నవాళ్లు కూడా చెయ్యి ఆపి నిలబడిపోతారు. కానీ పాడే నోరు వేరు, మాట్లాడే నోరు వేరు. రెండోది ఆ పిల్లకి దేవుడు ఇవ్వలేదనుకుంటారు అందరూ. దేవుడు ఇచ్చాడు. తల్లి ఫువాతినో తీసేసుకుంది.

తీసేసుకుందంటే పెద్ద నేరమేమీ చేయలేదు పాపం. తనని ఎలా పెంచారో అలాగే పెంచింది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తల దించుకోవాలి. పిలిస్తే పరుగెత్తాలి. ఏం చెప్పినా 'ఇఓయె' అనాలి. ఇఓయె అంటే అవును. కాదు, వద్దు, లేదు, వీటన్నిటికీ కలిపి 'లేఆయి' అని ఇంకో మాట ఉంది. ఆ మాట పెద్దవాళ్ల ముఖం మీద అన్న పిల్లల వీపు మీద చీపురు మోగుతుంది. తాయిమానే చిన్నప్పుడు ఒకే ఒక్కసారి అంది, స్నానానికి రానని. ఆ తర్వాత మళ్లీ అనలేదు.

ఫువాతినో ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. పొద్దున ఒక షిఫ్టు, అది చాలక వారంలో సగం రోజులు సాయంత్రం ఇంకో షిఫ్టు. భర్త పోయినప్పటి నుంచీ ఇదే వరస. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ భుజాలు హూనమైపోయాయి. మంచం మీద వాలితే నిద్ర రాదు, నొప్పులు లేపేస్తాయి. ఆమెకి విశ్రాంతి అంటూ ఏదైనా ఉంటే అది ఆదివారం చర్చిలో కూతురు పాడే ఆ కాసేపే. బెంచీకి వీపు ఆనించి కళ్లు మూసుకునేది. పాట అయ్యేసరికి ఒంట్లోంచి ఎవరో బరువులు దింపి పక్కన పెట్టినట్టుండేది. "చూడండమ్మా, మళ్లీ నిద్రపోయింది" అని పక్కనున్న ఆడవాళ్లు నవ్వినా పట్టించుకునేది కాదు.

ఆ కాసేపు కూడా పోయింది.

పోగొట్టినవాడు పరాయివాడు కూడా కాదు. చర్చిలో పాటలు నేర్పే పెద్దాయన తమ్ముడు ఫాలానికో. కుర్రకారు చేత పాటలు రికార్డు చేయించి, ఉత్సవాలకి పంపించే వ్యాపారం అతనిది. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, నోరు తెరిస్తే తేనె. కిందటేడు సాధన అయ్యాక తాయిమానేని పక్కకి పిలిచాడు. కూల్‌డ్రింకుల ఐసుపెట్టె మూత మీద కాగితాలు పరిచి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలుతో చూపించాడు. ఆ పిల్ల ఇఓయె, ఇఓయె, ఇఓయె అంటూ సంతకాలు పెట్టేసింది. అప్పటికి ఆమెకి పదిహేడేళ్లు. ఇంటికొచ్చి తల్లితో ఒక్క ముక్క చెప్పలేదు. తర్వాతెప్పుడో ఎందుకు చెప్పలేదే అని తల్లి గోల పెడితే, "నువ్వు అడగలేదు కదమ్మా" అంది.

సంగతి బయటపడింది ఎలాగంటే, చర్చిలో ఆరాధనని ఇంటర్నెట్‌లో చూపించడం మొదలుపెట్టారు. ఆ వారమే ఫాలానికో నుంచి కబురొచ్చింది. తాయిమానే గొంతు తన సంస్థ అనుమతి లేకుండా నలుగురికీ వినిపించకూడదట, ఒప్పందంలో ఉందట. ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా అంతేనట. చర్చి పెద్దలు నీళ్లు నమిలారు. తాయిమానే వెనక వరసలోకి వెళ్లి, నోరు మూసుకుని కూర్చుంది. ఆ ఆదివారం ఫువాతినో కళ్లు మూసుకోలేదు. ముందు బెంచీలోని బట్టతలని చూస్తూ కూర్చుంది.

లైబ్రరీలో వారానికోసారి ఉచితంగా సలహా ఇచ్చే లాయరమ్మ ఉందని లాండ్రీలో ఎవరో చెప్పారు. పేరు నాడియా. ముక్కు చీదుకుంటూ, చల్లారిన టీ తాగుతూ, ఆమె కూడా ఫువాతినోలాగే అలిసిపోయిన మనిషి. కాగితాలన్నీ తిరగేసి పక్కన పెట్టింది.

"ఇది పిల్లకి మేలు చేసే ఒప్పందం కాదు, ఆమె చేతులు కట్టేసే ఒప్పందం. మైనరు చేత ఇలాంటిది రాయించుకుంటే, ఆ పిల్ల వద్దన్న రోజున చెల్లదు" అంది.

ఫువాతినోకి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇప్పుడే వద్దని రాసెయ్యమ్మా. నేను సంతకం పెడతాను."

"మీరు కాదు, ఆమె పెట్టాలి. ఇప్పుడు పెట్టినా చెల్లుతుంది. కానీ తల్లే భయపెట్టి రాయించిందని వాళ్లు అల్లరి చేస్తారు. వచ్చే శనివారానికి పద్దెనిమిది నిండుతాయన్నారు కదా. సోమవారం తీసుకురండి, తన నోటితో తనే చెప్పి రాసిస్తుంది. ఇంక ఎవరూ వేలెత్తి చూపించలేరు." నాడియా ఆగి, వేలు ఊపుతూ చెప్పింది. "ఒక్కటే జాగ్రత్త. పద్దెనిమిది నిండాక ఆ ఒప్పందానికి సరే అన్నదా, అప్పుడది మేజరు ఒప్పుకున్నట్టు. మళ్లీ విప్పుకోవడం నా తరం కాదు."

ఇంటికెళ్లి ఫువాతినో కూతురిని నిలబెట్టి మరీ చెప్పింది. "ఎవరు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెట్టకు. తెలిసిందా?"

"ఇఓయె."

సంతకం పెట్టకని చెప్పింది. నోరు విప్పకని చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు, ఆ పిల్ల నోరు విప్పితే కదా!

శనివారం పుట్టినరోజు విందు. పద్దెనిమిది నిండటమంటే మాటలా, చుట్టాలంతా దిగారు. పెరట్లో టార్పాలిన్ కట్టారు, పంది కాలుతోంది, చిన్నపిల్లలు చాక్లెట్ల దండలు మెళ్లో వేసుకుని, అవి విప్పుకుని తింటూ తిరుగుతున్నారు. ఫువాతినో వంటింట్లో పెద్ద గిన్నెలో సేమ్యా కలుపుతోంది. అప్పుడు బయట మైకులో గొంతు వినిపించింది. తేనె గొంతు.

కిటికీలోంచి చూస్తే ఫాలానికో. పిలవలేదు. తమ వాళ్ల విందుకి పిలవనవసరం లేదు కదా, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టాలి. చేతిలో పెద్ద దండ, వెనకాల ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు. పాస్టరుగారు, పెద్దలు అంతా కుర్చీల్లో ఉన్నారు. తాయిమానే వాళ్ల ముందు చాప మీద తల దించుకుని కూర్చుంది.

"మన దీవుల బిడ్డ, మన చర్చి బిడ్డ" అంటున్నాడు ఫాలానికో. "చిన్నపిల్లగా ఉన్నప్పుడు నాతో కలిసి ఒక దారి మొదలుపెట్టింది. ఇవాళ పెద్దదయింది. ఏం తల్లీ, మన ఒప్పందం ప్రకారం ఆ దారినే నడుస్తావు కదా?"

ఫువాతినో గరిటె వదిలేసి పరుగెత్తింది. వంటింటి గుమ్మం దగ్గర ఎవరివో చెప్పులు కాలికి అడ్డం పడ్డాయి. ఆమె పెరట్లోకి వచ్చేసరికే మాట వచ్చేసింది. తల ఎత్తకుండా, మెల్లగా, మర్యాదగా.

"ఇఓయె, బాబాయ్."

అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టరుగారు ఆమెన్ అన్నారు.

సోమవారం లైబ్రరీలో నాడియా ఆ వీడియో రెండుసార్లు చూసింది. ఫాలానికో అప్పటికే దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేశాడు, కింద జనం గుండె బొమ్మలు పెడుతున్నారు.

"అవును అంది కదండీ" అంది నాడియా నీరసంగా.

"అది అవును కాదమ్మా."

"మరి ఇఓయె అంటే ఏంటి?"

"అవునే. కానీ పెద్దవాళ్లతో అన్నప్పుడు అవును కాదు." ఫువాతినోకి ఎలా చెప్పాలో తెలియక తల ప్రాణం తోకకొచ్చింది. ఇంతవరకు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు ఇది, అందరికీ తెలిసిందే కాబట్టి. "విన్నాను అని. మీ మాట నా చెవిన పడింది, మీరు పెద్దవారు, నేను చిన్నదాన్ని అని. నేను దాన్ని రోజూ తిడతాను, పనికిమాలినదానా అంటాను. ఇఓయె అంటుంది. అంటే పనికిమాలినదాన్నని ఒప్పుకున్నట్టా?"

నాడియా కాసేపు తాయిమానే వైపు చూసింది. ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుని చేతిగోళ్లు చూసుకుంటోంది.

"రాజీ సమావేశం పెట్టిస్తాను. మధ్యవర్తి ఒకావిడ కూర్చుంటుంది, ఫాలానికో వస్తాడు. అక్కడ వీడియో వేస్తారు. అక్కడ ఈ అమ్మాయి అతని ఎదురుగా వద్దు అని చెప్పాలి. నేను చెబితే చాలదు, మీరు చెబితే అస్సలు చాలదు. చెబుతావా, తాయిమానే?"

తాయిమానే ఇంగ్లీషులోనే, ఎంతో మర్యాదగా, "అవునండీ" అంది. నాడియా రెండు చేతులతో ముఖం రుద్దుకుంది.

ఆ వారమంతా ఇంట్లో అదే పని. ఫువాతినో సాయంత్రం షిఫ్టులు మానుకుని మరీ కూతురికి వద్దనడం నేర్పడానికి కూర్చుంది.

"కోకో అన్నం ఇంకాస్త వెయ్యనా?"

"ఇఓయె."

"కడుపు నిండిందా?"

"ఇఓయె."

"నిండితే మళ్లీ వెయ్యమంటావేంటే?"

"నువ్వు అడిగావు కదమ్మా."

"వద్దనిపిస్తే వద్దనాలే తల్లీ. లేఆయి అను."

"ఇఓయె, అమ్మా."

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. నవ్వు అయిపోయాక మళ్లీ మొదలు. "నిన్ను సమోవా పంపించేస్తాను, సరేనా?" ఇఓయె. "జుట్టు కత్తిరించేస్తాను, సరేనా?" ఇఓయె. గంగిరెద్దుకైనా ఎప్పుడో ఒకసారి తల అడ్డంగా ఊపడం నేర్పుతారు. ఈ పిల్లకి అదీ లేదు. ఫువాతినోకి నవ్వు పోయి విసుగొచ్చింది, విసుగు పోయి కోపం వచ్చింది. పొద్దుటి నుంచీ నిలబడ్డ కాళ్లు లాగుతున్నాయి. "అంటావా, అనవా? ఒక్క మాటే, చచ్చిపోతావా అంటే?" అని అరుస్తూ లేచింది.

తాయిమానే రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. అప్పుడు చూసుకుంది ఫువాతినో. తన చేతిలో చీపురు ఉంది. ఎప్పుడు తీసిందో తనకే తెలియదు. వద్దనమని చీపురెత్తింది.

చీపురు మూల పడేసి కింద కూలబడింది. సిగ్గేసింది ఆమెకి. ఒళ్లంతా సిగ్గేసింది. ఆ పూట ఇంక ఏమీ నేర్పలేదు. అన్నం గిన్నెలు కూడా ఎవరూ తియ్యలేదు.

సమావేశం సిడ్నీలోనే ఉన్న పారమట్టలో, ఒక ప్రభుత్వ కార్యాలయంలో. చిన్న గది, తెల్ల గోడలు, మధ్యలో బల్ల. మధ్యవర్తి తల నెరిసిన పెద్దావిడ. ఆమెని చూడగానే ఫువాతినో గుండె జారిపోయింది. మళ్లీ పెద్దావిడే! ఫాలానికో లాయరుని తెచ్చుకున్నాడు. వీడియో వేశారు. చాక్లెట్ల దండలు, చాప, తేనె గొంతు, ఇఓయె, చప్పట్లు.

మధ్యవర్తి తాయిమానే వైపు తిరిగి నెమ్మదిగానే అడిగింది. "ఇందులో ఉన్నది నువ్వేనా?"

"అవునండీ."

"అప్పటికి నీకు పద్దెనిమిది నిండాయా?"

"అవునండీ."

"ఒప్పందం ఇష్టపడే కొనసాగిస్తానన్నావా?"

"అవునండీ."

ఫాలానికో లాయరు కలం మూత పెట్టేశాడు. నాడియా కళ్లు మూసుకుంది. ఫువాతినో కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడింది. తన ఇంగ్లీషు ఎలా ఉంటుందో తనకి తెలుసు, అయినా మాట్లాడింది.

"అమ్మా, ఒక్క నిమిషం. నా కూతుర్ని నేనూ అడుగుతాను." కూతురి వైపు తిరిగి ఇంట్లో పిలిచే గొంతుతో పిలిచింది. "తాయిమానే!"

"ఇఓయె."

"ఈ గోడలు నల్లగా ఉన్నాయి" అంది, అందరికీ అర్థమవ్వాలని ఇంగ్లీషులోనే.

"ఇఓయె."

"ఈ గదిలో వాన పడుతోంది."

"ఇఓయె."

"నువ్వు ఎందుకూ పనికిరావు."

"ఇఓయె" అంది తాయిమానే. అదే గొంతు. అదే మర్యాద.

ఫువాతినో మధ్యవర్తి వైపు తిరిగింది. "చూశారు కదమ్మా. దీనికి ఇంకో మాట రాదు. నేనే రానివ్వలేదు. ఐసుపెట్టె మీద సంతకం పెట్టిందీ ఇలాగే, చాప మీద మాటిచ్చిందీ ఇలాగే. విన్నాను అంటుంది అంతే. అవునని మేమే అనుకుంటాం, మాకు అలా అనుకోవడం సుఖం కాబట్టి."

మధ్యవర్తి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీరు చెప్పింది నాకు అర్థమైంది. కానీ ఆమెకి ఏం కావాలో నాకు ఇంకా ఎవరూ చెప్పలేదు. అందరూ బయటికి వెళ్లండి. లాయర్లు కూడా. ఆమెని ఒక్కదాన్నే ఉండనివ్వండి, నేనూ వెళ్లి టీ తాగి వస్తాను."

వరండాలో ఒకటే బెంచీ. ఫువాతినో ఒక చివర, ఫాలానికో ఇంకో చివర కూర్చున్నారు. అతనే నోరు విప్పాడు.

"అక్కా, నేను దొంగనా? ఎంతమంది పిల్లల్ని స్టేజీ ఎక్కించాను! దీనికి మైకు కొనిచ్చాను, కోటు కుట్టించాను. మీ అందరి ముందే కదా అడిగాను, చాటుగా అడిగానా?"

"దొంగవి కాదులే" అంది ఫువాతినో. ఆమెకి పోట్లాడే ఓపిక కూడా లేదు. "అడిగావు, ఇచ్చింది. అడిగితే కాదనలేనిదాన్ని చూసే అడిగావు. ఆ వీడియో తీసేవాణ్ణి ఎందుకు తెచ్చుకున్నావు మరి?"

ఫాలానికో చొక్కా చేతులు సరిచేసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. లోపల తాయిమానే నిలబడి ఉంది. అందరూ వచ్చి కూర్చున్నా తను కూర్చోలేదు. ముఖం పాలిపోయింది, వేళ్లు బల్ల అంచుని గట్టిగా పట్టుకున్నాయి. తల మాత్రం ఎత్తే ఉంది. తన కూతురి కళ్లు అంత తిన్నగా ఒక పెద్దమనిషిని చూడటం ఫువాతినో ఎప్పుడూ చూడలేదు. చూడగానే ఆమెకి ముందు వచ్చింది సంతోషం కాదు, భయం. అలవాటు అలాంటిది.

"బాబాయ్" అంది తాయిమానే. "లేఆయి."

"ఏమన్నావు?"

"లేఆయి. నాకు ఆ ఒప్పందం వద్దు. సంతకం పెట్టినప్పుడూ వద్దు. పుట్టినరోజునాడూ వద్దు. ఎలా అనాలో తెలియలేదు."

చెంప మీద కొట్టినట్టయింది ఫాలానికోకి. పిల్లని వదిలేసి తల్లి వైపు తిరిగాడు. "ఇలాగేనా అక్కా పిల్లని పెంచడం?"

"ఇలాగే" అంది ఫువాతినో. "ఇప్పుడే మొదలుపెట్టాను."

తర్వాతదంతా కాగితాల పని. విందులో అన్న ఆ మాట ఒప్పుకోలు కాదని, తాయిమానేకి ఆ ఒప్పందం వర్తించదని రాసుకున్నారు. మైకూ కోటూ తిరిగి ఇచ్చెయ్యాలి. రికార్డు చేసిన పాటలు అతను ఎక్కడా వినిపించకూడదు, వీడియో తీసెయ్యాలి. కోర్టుకెళితే ఇంతకంటే మంచి తీర్పు తనకి రాదని అతని లాయరే చెవిలో చెప్పినట్టున్నాడు, ఫాలానికో సంతకం పెట్టేశాడు. తాయిమానే మాత్రం ప్రతి పేజీ చదివింది. మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది. అందరూ గడియారం చూసుకున్నా తొందరపడలేదు.

రైల్లో ఎదురెదురుగా సీట్లు దొరికాయి. ఫువాతినో చెప్పులు విప్పి కాళ్లు చాపుకుంది. స్టేషన్‌లో కొన్న మాంసం పఫ్ చెరో సగం తిన్నారు. బయట ఇళ్లూ గోడౌన్లూ వెనక్కి వెళుతున్నాయి. అయిపోయింది అన్న మాట లోపల్నుంచి తన్నుకొస్తోంది ఆమెకి. వచ్చే నెలలో తెల్ల ఆదివారం, చిన్నపిల్లలంతా తెల్లబట్టలు కట్టుకుని చర్చిని తామే నడిపే రోజు. తాయిమానేకి అదే ఆఖరి తెల్ల ఆదివారం, వచ్చే ఏడు పెద్దవాళ్ల బెంచీల్లో కూర్చోవాలి. ఫువాతినో కళ్లు మూసుకుంటే బెంచీకి ఆనిన తన వీపు, ముందు వరసలో తెల్ల గౌను, ఆ గొంతు, అన్నీ కనిపించాయి. ఎన్నాళ్లయింది సరిగ్గా నిద్రపోయి.

"తెల్ల ఆదివారానికి మొదటి పాట నువ్వే పాడాలి" అంది కళ్లు మూసుకునే. "పాస్టరుగారు అడుగుతూనే ఉన్నారు. నీకు కొత్త గౌను కుట్టిస్తాను. పాడతావు కదా?"

రైలు ఒక స్టేషన్‌లో ఆగి, మళ్లీ కదిలింది. ఫువాతినో కళ్లు తెరిచింది.

తాయిమానే ఆమెనే చూస్తోంది. తిన్నగా. కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ చూపు దించలేదు.

"లేఆయి, అమ్మా."

ఫువాతినో కుడి చెయ్యి ఒళ్లోంచి లేచింది. అలవాటుగా లేచింది. తాయిమానే దాన్ని చూసింది, కానీ ఈసారి తల మీద చేతులు పెట్టుకోలేదు. ఆ చెయ్యి కాసేపు గాల్లో ఉండి, మెల్లగా మళ్లీ ఒళ్లోకి దిగింది. ఎందుకే, నేనేం పాపం చేశాను, నాకున్నది ఆ కాసేపే కదే అని అడగాలనిపించింది. ఆ మాటలన్నీ మింగేసింది.

తర్వాత తల దించుకుని, ఎంతో మర్యాదగా, "ఇఓయె" అంది.